ఊక బాయిలర్ మంట: సాఫ్ట్‌వేర్‌ల 1900 డిగ్రీలు, మిల్లు మీటర్ల 870. దేన్ని నమ్మాలె?

ఊకమంట_నల్గొండ
ఎం.టెక్ థర్మల్, ఆఖరు సెమిస్టర్. మిర్యాలగూడ దగ్గర ఒక బాయిల్డ్ రైస్ మిల్లుల ఊకతోని నడిచే బాయిలర్ ఫర్నేస్‌ను మోడల్ చేస్తున్న. లోపలి కొలతలు 2 మీటర్ల పొడుగు, 1.5 వెడల్పు, 3 ఎత్తు. ఊక ఒక పక్క నుంచి గాలితోని కొట్టుకొచ్చి పడుతది, మిగతా గాలి గ్రేట్ (ఊక కాలే ఇనుప జాలి) కింది నుంచి లేస్తది.

ఫ్లూయెంట్ వాడుతున్న, ఫర్నేస్‌ను చిన్న చిన్న సెల్స్ (మెష్) చేసి గాలి, మంట, వేడి లెక్కగట్టే సాఫ్ట్‌వేర్. గాలి సుడులకు రియలైజబుల్ కె-ఎప్సిలాన్, గ్యాసులు కలుసుడుకు స్పీసీస్ ట్రాన్స్‌పోర్ట్, మంటకు ఎడ్డీ డిసిపేషన్. ఊక రేణువులకు డిస్క్రీట్ ఫేజ్, వోలటైల్స్ (ఊక వేడెక్కితే వెలువడే గ్యాసులు) కాలుడుకు ఒక్కటే స్టెప్ రియాక్షన్. గాలి 50 శాతం ఎక్కువ ఇచ్చిన. రెసిడ్యువల్స్ (లెక్కల మిగిలిన తప్పు) చక్కగనే దిగినయి. కానీ మంట నడిమిల 1900 డిగ్రీలు, ఫర్నేస్ దాటే కాడ సగటు 1400 చూపిస్తుంది. మిల్లు ప్యానెల్ మీద అదే చోట 870కి అటూ ఇటూ ఉంటది. మెష్ సన్నగ చేస్తే దిగుతదని మా గైడ్ సార్ అన్నరు. చేసి చూసిన, 10 డిగ్రీలు గూడ మారలే.

వైవా దగ్గరపడ్డది. బయటి ఎగ్జామినర్ మొదలు అడిగేదే ఈ తేడా గురించి. ఏం చెయ్యాలె?

సాగర్_ఎడమకాలువ
మిల్లుల బాయిలర్ చూసేటోణ్ణి నేను. 1900 ఉంటే మా గ్రేట్ బార్లు ఉంటయా తమ్మీ? క్యాస్ట్ ఐరన్ 1200 దగ్గరనే కరుగుతది. మీటరే నమ్ము.

పానగల్లు_పైథాన్
తప్పు ఆ ఒక్క స్టెప్ రియాక్షన్‌ల ఉంది. నిజం మంటల వందల రియాక్షన్లు ఉంటయి. జీఆర్ఐ-మెక్ 3.0 అనే రియాక్షన్ల లిస్టు తీసుకో, 53 స్పీసీస్, 325 రియాక్షన్లు. మీథేన్‌కు చేసిందే అయినా వోలటైల్స్‌ల మీథేన్, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ ఉంటయి గద, పనికొస్తది. ఒక్క స్టెప్ పెడితే డిసోసియేషన్ (ఎక్కువ వేడికి కాలిన గ్యాసులు మళ్ల విడిపోవుడు) ఉండది, అందుకే వేడి ఎక్కువ చూపిస్తది.

పాలమూరు_సీఎఫ్‌డీ
ఆగుండ్రి, అప్పుడే కెమిస్ట్రీ దాక పోకుండ్రి. తమ్ముడూ, రెండు చెప్పు. గోడలకు ఏం బౌండరీ కండిషన్ ఇచ్చినవ్? రేడియేషన్ మోడల్ ఆన్ చేసినవా?

ఊకమంట_నల్గొండ
@పాలమూరు_సీఎఫ్‌డీ అన్నా, గోడలకు డీఫాల్టే ఉంది, హీట్ ఫ్లక్స్ సున్నా, అంటే గోడల నుంచి వేడి పోదు. రేడియేషన్ ఇంకా పెట్టలే. మొదలు మంట నిలబడ్డంక పెడదామని ఆపిన. అసలు ఫర్నేస్‌ల కింద సగం రిఫ్రాక్టరీ (వేడికి ఓర్చే) ఇటుక, పైన సగం నీళ్ల ట్యూబులు.

లెక్కల_మేడం_దేవరకొండ
సాఫ్ట్‌వేర్ పక్కన పెట్టి ఒక కాగితం తీసుకో. ఈ లెక్క ప్రతి ఏడాదీ మా పిల్లలతో బోర్డు మీద చేయిస్తాను.

ఎండిన ఊకలో కార్బన్ 38 శాతం, హైడ్రోజన్ 5, ఆక్సిజన్ 36, బూడిద 20 అనుకుందాం. ఒక కిలో ఊక తీసుకో. కార్బన్‌కు కావలసిన ఆక్సిజన్ 0.38ని 32తో హెచ్చవేసి 12తో భాగిస్తే 1.01 కిలో. హైడ్రోజన్‌కు 0.05ని 8తో హెచ్చవేస్తే 0.40. ఊకలోనే ఉన్న 0.36 తీసెయ్. మిగిలింది 1.05. గాలిలో ఆక్సిజన్ బరువు లెక్కన 23.2 శాతం, కాబట్టి ఒక కిలో ఊకకు సుమారు నాలుగున్నర కిలోల గాలి చాలు.

నువ్వు 50 శాతం ఎక్కువ ఇచ్చావు, అంటే 6.75 కిలోలు. ఊకలో బూడిద పోగా వాయువయ్యేది 0.8 కిలో. మొత్తం పొగ 7.55 కిలోలు. దాని స్పెసిఫిక్ హీట్ 1.25 కిలోజౌల్స్ అనుకో. ఊక నికర కెలోరిఫిక్ విలువ కిలోకు 13,000 కిలోజౌల్స్ అనుకో. భాగిస్తే 1377 డిగ్రీల పెరుగుదల. మొదటి ఉష్ణోగ్రత 30 కలుపు. 1400 వచ్చిందా?

ఇప్పుడు అదనపు గాలి లేకుండా చెయ్. పొగ 5.3 కిలోలు, స్పెసిఫిక్ హీట్ 1.3. 1887 వస్తుంది, 30 కలిపితే 1900.

నీ రెండు అంకెలూ ఇవే. నువ్వు వేడి బయటకు పోనివ్వలేదు, సాఫ్ట్‌వేర్ ఆ షరతుకు సరైన జవాబే ఇచ్చింది. మెష్ ఎంత సన్నగా చేసినా 1400 దిగదు, ఎందుకంటే అది ఎనర్జీ బ్యాలెన్స్.

ఊకమంట_నల్గొండ
మేడం, ఇది అచ్చం నా అంకెలే. మంట నడిమిల 1900 ఎందుకు వచ్చిందో గూడ ఇప్పుడు తెలుస్తుంది. గాలి, ఇంధనం సరిగ్గ సరిపోయిన చోట ఎక్కువ గాలి లెక్క ఉండది గద.

లెక్కల_మేడం_దేవరకొండ
అంతే. ఎడ్డీ డిసిపేషన్‌లో కలిసిన చోట కాలినట్టే లెక్క.

సాగర్_ఎడమకాలువ
మేడం, ఈ లెక్క మా బాయిలర్ రూమ్ గోడ మీద రాసి పెట్టుకుంటా.

పానగల్లు_పైథాన్
బ్యాలెన్స్ ఒప్పుకుంటున్న. కానీ మంట నడిమి 1900ను దించేది కెమిస్ట్రీనే. అది వదిలేసి రేడియేషన్ మీదనే పడుడు ఏంది?

పాలమూరు_సీఎఫ్‌డీ
@పానగల్లు_పైథాన్ నీ మాట ల్యాబ్ బర్నర్‌కు నిజం. డిసోసియేషన్‌తోని 1900 కొంత దిగుతది, కాదంటలేను. ఫర్నేస్‌ల మాత్రం దాని కంటే ముందు రెండు అడ్డాలు ఉన్నయి.

ఒకటి, సైజు. మామూలు పీడనం కాడ మీథేన్-గాలి మంట మందం అర మిల్లీమీటర్ చుట్టుపక్కల. దాన్ని కనీసం చూడాలంటే సెల్ 0.1 మిల్లీమీటర్ ఉండాలె. ఈ ఫర్నేస్ 9 ఘనపు మీటర్లు. సెల్స్ ఎన్నయితయో తీయి: 9 లక్షల కోట్లు. ఏ కాలేజీ సర్వర్ల దింపుతం? కాబట్టి మన సెల్ ఒకటి రెండు సెంటీమీటర్లే ఉంటది, మంట ఆ సెల్ లోపలనే దాక్కుంటది.

రెండు, సగటు. ఆ సెల్ లోపల కొంత చల్లగ, కొంత వేడిగ ఉంటది. మనకు దొరికేది సగటు టెంపరేచర్ ఒక్కటే. దాన్ని ఆర్హీనియస్ ఫార్ములాల (టెంపరేచర్ తోని రియాక్షన్ వేగం తీసేది) పెడితే వచ్చే రేటు నిజం రేటు కాదు. యాక్టివేషన్ ఎనర్జీ మోల్‌కు 200 కిలోజౌల్స్ అనుకో. సెల్ల సగం 500 కెల్విన్, సగం 1500 కెల్విన్, సగటు 1000. 1000 కాడ ఎక్స్‌పొనెన్షియల్ విలువ తీయి. తర్వాత 500కు, 1500కు విడివిడిగ తీసి సగటు చెయ్. రెండోది మొదటి దానికి సుమారు 1500 రెట్లు వస్తది. 325 రియాక్షన్లు పెట్టి, ఒక్కో దాంట్ల గిసుంటి తప్పు కలిపితే ఏం లాభం?

అందుకనే 1976ల మాగ్నుసెన్, హ్యెర్టగెర్ ఎడ్డీ డిసిపేషన్ మోడల్ ఇచ్చిన్రు. గాలి, ఇంధనం సుడులల్ల ఎంత జల్దీ కలిస్తే అంత జల్దీ కాలుతదని. ఊక ఫర్నేస్‌ల ఆలస్యమంత కలుసుట్లనే ఉంటది కాబట్టి మొదటి అడుగుకు అది చాలు.

పానగల్లు_పైథాన్
ఆ 1500 రెట్లు పైథాన్‌ల చేసి చూసిన, 1519 వచ్చింది. సరే, నేరుగ పెట్టొద్దు. సెల్ లోపలి మంటను గూడ లెక్కల పట్టే ఎడ్డీ డిసిపేషన్ కాన్సెప్ట్ ఉంది, ఫ్లేమ్‌లెట్ ఉంది, వాటితోని పెట్టొచ్చు. ఇంకోటి, సెటప్ సరిగ్గుందా లేదా తెల్వాలంటే మొదలు శాండియా ఫ్లేమ్ డి అనే కొలిచి పెట్టిన ల్యాబ్ మంటను చెయ్యాలె. మీథేన్ 25 వంతులు, గాలి 75, నాజిల్ 7.2 మిల్లీమీటర్లు, చుట్టూ పైలట్ మంట. కొలిచిన డేటా ఎవలైనా ఉచితంగ దింపుకోవచ్చు. ఓపెన్‌ఫోమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ట్యుటోరియల్స్‌ల గూడ ఉంది.

పాలమూరు_సీఎఫ్‌డీ
శాండియా డి గ్యాస్ జెట్. దాంట్ల ఊక లేదు, బూడిద లేదు, గోడ లేదు. బటన్లు నేర్చుకునేటందుకు మంచిదే. ఈ పిల్లగానికి వైవా ముంగట ఉంది.

పానగల్లు_పైథాన్
బటన్లు నేర్వకుండ ఫర్నేస్‌కు పోతే గిట్లనే 1900 వస్తది అన్నా. ఈ మాట మీద నేను తగ్గను.

కిల్న్_హుజూర్‌నగర్
సిమెంట్ కిల్న్ కాడ పనిచేస్తున్న, బొగ్గు పొడి మంట. మా మంట 2000 దాక పోతది, సిమెంట్ అయ్యే క్లింకర్‌కు 1450 కావాలె కాబట్టి. మాకు గాలిని ముందుగాల వేడి చేసి ఇచ్చేదే అందుకు. ఊక బాయిలర్ల అంత అవసరం లేదు, ఆ వేడి ట్యూబులకు పోవాలె. పోయేది ఎక్కువ రేడియేషన్‌తోనే.

తమ్ముడూ, నీకు రేడియేషన్ మోడల్స్ కింద పీ-1, డిస్క్రీట్ ఆర్డినేట్స్ రెండూ కనబడతయి. పీ-1 జల్దీ అయితది, కానీ పలుచటి పొగల గోడకు పోయే వేడిని ఎక్కువ చూపిస్తది. నువ్వు డిస్క్రీట్ ఆర్డినేట్స్ పెట్టు. గ్యాస్ శోషణకు వెయిటెడ్ సమ్ ఆఫ్ గ్రే గ్యాసెస్ పెట్టి, దాంట్ల గ్యాస్ గుండ రేడియేషన్ పోయే దూరం, అంటే పాత్ లెంత్‌ను సెల్ సైజు మీద పెట్టకు, డొమైన్ మొత్తం మీద పెట్టు. సెల్ మీద పెడితే మెష్ మారినప్పుడల్ల జవాబు మారుతది. ఆడ పెట్టాల్సిన మీన్ బీమ్ లెంత్ అంటే ఘనపరిమాణాన్ని ఉపరితలంతోని భాగించి 3.6తోని హెచ్చవేసుడు. నీ ఫర్నేస్‌కు 9ని 27తోని భాగించి 3.6తోని హెచ్చవేస్తే 1.2 మీటర్లు.

ఇంకొకటి మర్చిపోకు. ఊక మంటల గ్యాస్ ఒక్కటే మెరవది. ఎగిరే బూడిద రేణువులు గూడ వేడిని వెదజల్లుతయి. డిస్క్రీట్ ఫేజ్‌ల పార్టికల్ రేడియేషన్ టిక్ పెట్టు. నీళ్ల ట్యూబులకు టెంపరేచర్ ఇయ్యి. మిల్లుల ప్రెజర్ ఎంత?

సాగర్_ఎడమకాలువ
మాది చదరపు సెంటీమీటర్‌కు 10.5 కిలోల ప్రెజర్ బాయిలర్. ఈ తమ్ముడు చెప్పే మిల్లు గూడ గంతే ఉంటది, ఈడ చానమట్టుకు అవే.

కిల్న్_హుజూర్‌నగర్
అయితే ఆవిరి 186 డిగ్రీలు. ట్యూబు లోహం దానికి కొంచెం పైన. మసి, బూడిద పొర ఉన్న కాడ పైతలం ఇంకా వేడిగ ఉంటది, దానికో థర్మల్ రెసిస్టెన్స్ ఇయ్యాలె.

గద్వాల_పల్లికాయ
మా దిక్కు డ్రైయర్‌ను పల్లి పొట్టుతోని నడిపిస్తం. ఊక పెట్టి చూసినం ఒకసారి, వారం తిరగకముందే బూడిద తీసుడుకే ఒక మనిషిని పెట్టాల్సొచ్చింది. పల్లి పొట్టుకు బూడిద చాన తక్కువ. మిర్యాలగూడోళ్లకు ఊక ఇంటి ముంగట ఉంటది కాబట్టి నడుస్తది.

సాగర్_ఎడమకాలువ
వంద కిలోల వడ్లు ఆడిస్తే 20 కిలోల దాక ఊకనే. దాన్ని కాల్చకపోతే ఏడ పోస్తం అన్నా?

ఊకమంట_నల్గొండ
కిల్న్ అన్న చెప్పినట్టు పెట్టిన. డిస్క్రీట్ ఆర్డినేట్స్, పాత్ లెంత్ 1.2, ట్యూబులకు 200 డిగ్రీలు, మీద బూడిద పొర, కింద ఇటుకకు బయటి గాలికి పోయే నష్టం. ఫర్నేస్ దాటే కాడ 1400 నుంచి 1080కి దిగింది. మంట నడిమి 1650. కన్వర్జ్ అయితానికి చాన టైం తీసుకుంది, కానీ అయింది. 870కి ఇంకా 210 తేడా.

థర్మోకపుల్_జడ్చర్ల
ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ను. అందరూ సాఫ్ట్‌వేర్‌నే సదురుతున్నరు, ఆ 870ని ఎవలూ అడుగుతలేరు.

ఆ మీటరుకు కలిపిన థర్మోకపుల్ (వేడి కొలిచే ప్రోబ్) చెప్పేది గ్యాస్ టెంపరేచర్ కాదు, దాని సొంత కొస టెంపరేచర్. ఆ కొసకు ఒక దిక్కు నుంచి వేడి గ్యాస్ తగులుతది, ఇంకో దిక్కు నుంచి 200 డిగ్రీల ట్యూబులు కనబడుతుంటయి. వాటికి వేడిని వెదజల్లుకుంట కొస చల్లబడుతది. పైనుంచి లావు షీత్, దాని మీద బూడిద. నిజం గ్యాస్ ఎప్పుడూ మీటరు కంటే ఎక్కువే ఉంటది. ఒక ఫర్నేస్‌ల సక్షన్ పైరోమీటర్‌ను పక్కన పెట్టి చూస్తే వంద దాటి తేడా వచ్చింది, నేనే పట్టుకున్న. సక్షన్ పైరోమీటర్ అంటే కొస చుట్టూ అడ్డం పెట్టి, గ్యాస్‌ను జోరుగ పీల్చి దాని మీద నుంచి పోనిచ్చేది.

ఇంకో ప్రశ్న. గాలి 50 శాతం ఎక్కువని ఎట్ల తెలుసు? ఫ్యాన్ ప్లేట్ మీద చదివినవా?

ఊకమంట_నల్గొండ
పేపర్లల్ల అంతే రాసిన్రు అన్నా. ఎఫ్‌డీ ఫ్యాన్ (గాలి లోపలికి కొట్టేది) ప్లేట్ తోని గూడ కలిసింది.

థర్మోకపుల్_జడ్చర్ల
ఐడీ ఫ్యాన్ పొగను చిమ్నీ దిక్కు పీకుతుంటే ఫర్నేస్ లోపల ప్రెజర్ బయటి కంటే తక్కువ ఉంటది. ఊక వేసే కాడ, బూడిద తలుపు కాడ, చూసే రంధ్రం కాడ, యాడ సందుంటే ఆడ గాలి జొరబడుతది. ఆ గాలి ఏ ఫ్యాన్ ప్లేట్ మీదా ఉండది. పొగల ఆక్సిజన్ కొలువు. ఆక్సిజన్ శాతాన్ని, 21ల నుంచి అదే శాతం తీసేస్తే మిగిలిన దానితోని భాగిస్తే ఎక్కువ గాలి ఎంతో వస్తది. 7 శాతం ఉంటేనే నీ 50.

సాగర్_ఎడమకాలువ
మా దగ్గర పోర్టబుల్ అనలైజర్ ఉంది. ఈ తమ్ముడు నాకు మెసేజ్ పెట్టిండు, చూస్తే ఆ మిల్లు మాకు పక్కదే. నిన్న వాళ్ల ఇన్‌చార్జిని అడిగి ఇద్దరం కలిసి పెట్టినం. చిమ్నీ కాడ 11.5 శాతం ఆక్సిజన్.

పానగల్లు_పైథాన్
అంటే 121 శాతం ఎక్కువ గాలి. గదే పెడితే టెంపరేచర్ దిగిపోతది, పని అయిపోయినట్టే.

కిల్న్_హుజూర్‌నగర్
పెట్టొద్దు. చిమ్నీ కాడ కొలిచిన గాలంత ఫర్నేస్‌ల లేదు. ఎయిర్ ప్రీహీటర్, సైక్లోన్ (పొగల బూడిద పట్టేది), డక్ట్ జాయింట్లు, అన్నిట్ల నుంచి గాలి జొరబడి చిమ్నీకి వస్తది. అది మంటను చల్లబరచది, మంట దాటినంక కలుస్తది. 121 పెట్టి 870 తెప్పిస్తే జవాబు కలిసినట్టు కనబడుతది, లోపల అంత తప్పే ఉంటది. ఫర్నేస్ దాటే కాడ రంధ్రం ఉందా?

సాగర్_ఎడమకాలువ
ఉంది, థర్మోకపుల్ పక్కన ఒక ప్లగ్ ఉంది. తుప్పు పట్టి ఉంటది, విప్పాలంటే బాయిలర్ ఆపాలె. సీజన్ల ఎవలు ఆపనిస్తరు? యాసంగి వడ్లు వచ్చి పడుతున్నయి.

థర్మోకపుల్_జడ్చర్ల
ఆపొద్దు. లోడ్ తగ్గించి, డ్రాఫ్ట్ కొంచెం పెంచి, గ్లౌజులు, ముఖానికి షీల్డ్ పెట్టుకొని పక్కకు నిలబడి విప్పుండ్రి. రంధ్రం ముంగట ఎవలూ నిలబడొద్దు. ప్రెజర్ ఒక్కసారి పాజిటివ్ అయినా మంట బయటికి కొడుతది. ఆపరేటర్ ఐడీ డ్యాంపర్ కాడ ఉండాలె. ప్రోబ్ పెట్టినంక రంధ్రం చుట్టూ సిరామిక్ ఉన్ని కుక్కుండ్రి, లేకుంటే బయటి గాలినే కొలుస్తరు. తర్వాత లోడ్ మామూలుకు తెచ్చి రీడింగ్ తీయుండ్రి.

సాగర్_ఎడమకాలువ
అయింది. ఇన్‌చార్జి ముంగటనే, అన్న చెప్పినట్టే చేసినం. ఫర్నేస్ దాటే కాడ ఆక్సిజన్ 9 చుట్టూ తిరుగుతుంది. ఊక ఫీడర్ ఒక తీరుగ పడదు కాబట్టి 8 నుంచి 10 దాక ఊగుతుంది.

లెక్కల_మేడం_దేవరకొండ
9ని 12తో భాగిస్తే 75 శాతం. వేడి ఎటూ పోకుండా ఉంటే, పొగ 8.7 కిలోలు, స్పెసిఫిక్ హీట్ 1.22 అనుకుంటే, సుమారు 1260 వచ్చేది, 1400 కాదు. నీ మోడల్లో గాలి 7.9 కిలోలు చెయ్. మర్చిపోకు, ఆ ఎక్కువ గాలి గ్రేట్ కింది నుంచి రావట్లేదు. సందుల దగ్గర విడిగా ఇన్‌లెట్ ఇవ్వాలి.

ఎఫ్‌డీఎస్_సూర్యాపేట
మధ్యల వస్తున్న. ఫైర్ డైనమిక్స్ సిమ్యులేటర్ వాడొచ్చా అని తమ్ముడు వేరే చోట అడిగిండు. నేను దాన్ని ఫైర్ సేఫ్టీకి వాడుత. అమెరికా నిస్ట్ సంస్థ 2000ల విడుదల చేసింది, ఉచితం. గోదాంల మంట, పొగ ఎట్ల పాకుతది, మనుషులు బయటపడేటంత టైం ఉంటదా, ఇసుంటి వాటికి అది బాగుంటది. బాయిలర్ల ఊక రేణువులు ఎగురుకుంట కాలుడుకు ఫ్లూయెంట్, ఓపెన్‌ఫోమ్ నయం. కానీ మిల్లు ఊక గోదాం అంటుకుంటే ఏమైతదో చెయ్యాలనుకుంటే నన్ను అడుగు. ఊక కుప్ప లోపల రోజుల కొద్ది కనబడకుండ రాజుకుంటది. అది మస్తు పెద్ద సబ్జెక్టు, ఎవలూ చేస్తలేరు.

ఊకమంట_నల్గొండ
75 శాతం పెట్టిన. ఆ 75ల 45 గ్రేట్ కింది నుంచి, మిగతాది ఊక వేసే కాడ, బూడిద తలుపు కాడ. ఎగ్జిట్ 965. మీటరు 870. మిగిలిన 95 డిగ్రీలు థర్మోకపుల్ తేడా అని రాయొచ్చా?

థర్మోకపుల్_జడ్చర్ల
రాయి. అంత తేడా మామూలే.

పాలమూరు_సీఎఫ్‌డీ
రాయొద్దు. జడ్చర్ల అన్న అనుభవం మీద గౌరవంతోనే చెప్తున్న. ఆ తేడా ఉంటది, కానీ ఈ ఫర్నేస్‌ల ఎంతో ఎవలూ కొలవలే. మిగిలిందంత దాని మీద వేస్తే ఎగ్జామినర్ ఒక్కటే అడుగుతడు: "950 వస్తే 80 అనేటోనివి, 1000 వస్తే 130 అనేటోనివి, అంతేనా?" ఇంకా వెతుకుదం. చార్ (వోలటైల్స్ పోయినంక మిగిలే కార్బన్) ఎంత కాలిందని పెట్టినవ్?

థర్మోకపుల్_జడ్చర్ల
కొలిచి రాయమంటే నేనూ ఒప్పుకుంట. పైరోమీటర్ కిరాయికి దొరుకుతదేమో అడుగుత.

ఊకమంట_నల్గొండ
చార్ కాలుడుకు డిఫ్యూజన్ మోడల్ పెట్టిన. లోపలనే పూర్తిగ కాలిపోతుంది.

సాగర్_ఎడమకాలువ
పూర్తిగనా? మా బూడిద నల్లగ వస్తుంది తమ్మీ. ఆ మిల్లుది గూడ నల్లగనే ఉంది, నిన్న కండ్లార చూసిన. తెల్లగ వస్తే కాలినట్టు. నల్ల బూడిదను చేతుల నలిపితే మసి అంటుకుంటది, ఊక గింజ ఆకారం గూడ చెదరదు. అసలు నాకు మీ సిమ్యులేషన్ తోని కావాల్సింది ఇదే. గాలి పైనుంచి ఎంత కొట్టాలె, కింది నుంచి ఎంత కొట్టాలె, అప్పుడు బూడిద తెల్లగైతదా? మా దగ్గర ఆపరేటర్ మారినప్పుడల్ల డ్యాంపర్ మారుతది, ఎవలకు తోచినట్టు వాళ్లు.

లెక్కల_మేడం_దేవరకొండ
నల్ల బూడిద అంటే వేడి గోనె సంచుల్లో బయటకు పోతున్నట్టే. ఎంత పోతుందో తీద్దాం. ఉదాహరణకు బూడిదలో 15 శాతం కార్బన్ ఉందనుకోండి. వంద కిలోల ఊకకు ఖనిజ బూడిద 20 కిలోలు. దానితో కలిసి పోయే కార్బన్ మూడున్నర కిలోలు. కార్బన్ కిలోకు 32.8 మెగాజౌల్స్, అంటే 115 మెగాజౌల్స్. వంద కిలోల ఊకలో ఉన్నది 1300. సుమారు 9 శాతం. నష్టం లేని ఫర్నేస్ లెక్కలో ఇదొక్కటే 110 డిగ్రీలు దించుతుంది. గోడలకు పోయే వేడి కూడా అప్పుడు తగ్గుతుంది కాబట్టి ఎగ్జిట్‌లో అంత దిగదు, కానీ ఆ 95లో పెద్ద భాగం ఇక్కడే ఉండొచ్చు.

పాలమూరు_సీఎఫ్‌డీ
మేడం చెప్పినంక ఎందుకు నల్లగ మిగులుతదో చెప్త. బొగ్గు రేణువు కాలితే పైనుంచి చిన్నగైకుంట పోతది. నువ్వు పెట్టిన డిఫ్యూజన్ మోడల్‌ల ఆక్సిజన్ రేణువు పైతలం దాక చేరుడే ఆలస్యం, బూడిద పొర అడ్డం లేదు. ఊక అట్ల కాదు. దాని బూడిదల పదింట తొమ్మిది వంతుల దాక సిలికానే. వోలటైల్స్ పోయినంక సిలికా గూడు అట్లనే నిలబడి ఉంటది, కార్బన్ దాని లోపల తేనెపట్టు గదులల్ల తేనె తీరు చిక్కుకొని ఉంటది. ఆక్సిజన్ ఆ గూడు దాటి లోపలికి పోవాలె, కార్బన్ మోనాక్సైడ్ బయటికి రావాలె. రేణువు సైజు తగ్గదు, లోపలి కార్బన్ మాత్రం తగ్గుతది. దానికి ష్రింకింగ్ కోర్ మోడల్ (లోపలి కార్బన్ ముద్ద చిన్నగైకుంట పోయేది) పెట్టాలె, బూడిద పొర అడ్డం లెక్కతోని. ఫ్లూయెంట్‌ల సిద్ధంగ లేకపోతే యూడీఎఫ్ (మనమే రాసి కలిపే కోడ్) రాయాలె, చిన్నదే, నేను చూస్త.

వోలటైల్స్ వెలువడే రేటుకు గూడ బొగ్గుకు ఇచ్చిన డీఫాల్ట్ కాన్‌స్టంట్లు ఉంచకు. ఊక బొగ్గు కంటే చాన ముందే వోలటైల్స్ వదులుతది, ఊకకు కొలిచినయి తీసుకో. ఊక గింజ గుండు గూడ కాదు, పడవ ఆకారం. డ్రాగ్‌ల షేప్ ఫ్యాక్టర్ ఇయ్యి. గుండు అని పెడితే జల్దీ కింద పడుతది, గాలిల కాలే టైం తగ్గుతది.

పానగల్లు_పైథాన్
ఇప్పుడు కెమిస్ట్రీ మళ్ల వచ్చింది చూడుండ్రి. సాగర్ అన్న అడిగిన పై గాలి, కింద గాలి ప్రశ్నకు ఒక్క స్టెప్ సరిపోదు, దాంట్ల కార్బన్ మోనాక్సైడే లేదు. కనీసం రెండు స్టెప్‌లు కావాలె, వెస్ట్‌బ్రూక్, డ్రయర్ 1981ల ఇచ్చిన తీరుగ: మొదలు మోనాక్సైడ్, తర్వాత డయాక్సైడ్.

పాలమూరు_సీఎఫ్‌డీ
ఇది ఒప్పుకుంటున్న. ఒక జాగ్రత్త. ఉత్త ఎడ్డీ డిసిపేషన్ మీద రెండు స్టెప్‌లు పెడితే రెండూ కలిసే వేగంతోనే నడుస్తయి, మోనాక్సైడ్ అంకె నమ్మరాదు. ఫైనైట్ రేట్ (టెంపరేచర్ తోని మారే రియాక్షన్ వేగం) గూడ కలిపి పెట్టు. అప్పుడు మంట అంటుకోకపోతే కొంత జాగాల మొదలే 1500 కెల్విన్ ఇచ్చి ప్యాచ్ చెయ్. చల్లటి ఫర్నేస్ గూడ ఆ సమీకరణాలకు సరైన జవాబే, సాల్వర్ ఆడనే ఆగిపోతది.

పానగల్లు_పైథాన్
నేను కాంటెరా అనే కెమిస్ట్రీ సాఫ్ట్‌వేర్‌ల ఒక స్టిర్డ్ రియాక్టర్ (లోపల అంత ఒక్క తీరుగ కలిసిపోయినట్టు) లెక్క చేసిస్త. 75 శాతం గాలి, రెసిడెన్స్ టైం (గ్యాస్ లోపల ఉండే టైం) మార్చుకుంట. ఏ టెంపరేచర్ కింద మోనాక్సైడ్ కాలుడు ఆగుతదో తెలుస్తది, పై గాలి యాడ కొట్టాలెనో దాంతోని అందాజ దొరుకుతది.

ఊకమంట_నల్గొండ
అందరికీ మస్తు రుణపడి ఉన్న. బూడిదల కార్బన్ 15 అని ఊహించుకోకుండ కొలుస్త. మా ల్యాబ్‌ల మఫుల్ ఫర్నేస్ (నమూనా కాల్చే చిన్న కొలిమి) ఉంది. సాగర్ అన్నా, బూడిద ఎప్పుడు దొరుకుతది?

సాగర్_ఎడమకాలువ
పొద్దున ఆరింటికి బూడిద గుంజుతరు, వాళ్లకు చెప్పి పెట్టిన. గుంజంగనే నీళ్లు కొడతరు, దానికంటే ముందే తీయాలె. మూత గట్టిగ ఉన్న స్టీలు డబ్బాలు రెండు తెచ్చుకో, ప్లాస్టిక్ తేకు, కరుగుతది. గ్రేట్ కింద ఒకటి, సైక్లోన్ కింద ఒకటి తీద్దం. సైక్లోన్ కింద పడేది ఇంకా నల్లగ ఉంటది.

లెక్కల_మేడం_దేవరకొండ
రెండూ కలపకు. విడివిడిగా కాల్చి విడివిడిగా తూచు. తేమ పోవడానికి ముందు 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టు, లేకపోతే నీటి బరువు కూడా కార్బన్ ఖాతాలో పడుతుంది. రోజుకు గ్రేట్ కింద ఎన్ని బస్తాలు, సైక్లోన్ కింద ఎన్ని బస్తాలు వస్తాయో సాగర్ గారిని అడిగి రాసుకో. ఆ నిష్పత్తి లేకుండా రెండింటి సగటు తీయలేవు.

సాగర్_ఎడమకాలువ
బస్తాల లెక్క గేట్ రిజిస్టర్ల ఉంటది మేడం, ఇటుక బట్టీలోళ్లు పట్టుకపోతరు కాబట్టి. పోయిన నెలది తీసి పెట్టమని వాళ్ల గేట్ కాడ చెప్త.